సంతలో మొదలైన వంట క్లాసు: రావికమతంలో కంద బచ్చలి నేర్చుకున్న రోజు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "వీడియో చూసి వండితే మీరు చెప్పిన రుచి రావట్లేదు, ఎందుకు?" అని. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. అందుకే ఈ రోజు ఒక వంట చెప్పి ఊరుకోకుండా, వంట ఎలా నేర్చుకోవాలో మాట్లాడుకుందాం. ఎదురుగా కూర్చుని, చేతులు తడుపుకుని, ముందు సంతకెళ్లి నేర్చుకునే పద్ధతి గురించి.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా అమ్మ చేసే కంద బచ్చలి కూర అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. అమ్మ పోయాక మా అమ్మాయి అడిగితే నేను మూడుసార్లు చేశాను. మొదటిసారి గొంతు దురద పెట్టింది. రెండోసారి చేదెక్కింది. మూడోసారి దురదా లేదు, చేదూ లేదు, ఆవ ఘాటు కూడా లేదు. ఉడకబెట్టిన దుంప తిన్నట్టుంది. అమ్మ ఎక్కడా రాసి పెట్టలేదు. ఆ చెయ్యి తెలిసినది ఇప్పుడు ఒక్క మా పిన్నికే. ఆవిడ ఉండేది రావికమతంలో.

రావికమతం తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్లే దారిలో వస్తుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. ఒకపక్క చెరుకు తోటలు, ఇంకోపక్క ఏజెన్సీ కొండలు. కల్యాణపులోవ రిజర్వాయరు ఈ మండలంలోనే ఉంది. ఈ భూగోళం అంతా ఎందుకంటే, మా వైపు వంట రుచికి కారణం ఇదే. కింద బెల్లం పండుతుంది, పైనుంచి చింతపండు, పసుపు, దుంపలు దిగుతాయి. అందుకే మా పులుసుల్లో పులుపు పక్కనే తీపి కూర్చుంటుంది.

పిన్నికి ఫోన్ చేసి, "నేనూ, నా స్నేహితులు ముగ్గురూ వస్తాం, ఒక రోజంతా నేర్పు" అన్నాను. "రండి, కానీ సరుకులు తేకండి. సంత రోజు రండి" అంది. థాయ్‌లాండ్‌లో చియాంగ్‌మాయ్ వెళ్లినా, వియత్నాంలో హోయాన్ వెళ్లినా వంట క్లాసులు చాలావరకు ముందు మార్కెట్‌కి తీసుకెళ్లి మొదలుపెడతారు. టూరిస్టుల కోసం పెట్టిన ఏర్పాటు అనుకునేదాన్ని. పిన్నితో వెళ్లాక అర్థమైంది, సగం వంట అక్కడే అయిపోతుంది.

సంతలో నేర్చుకున్నవి

మొదటిది కంద. మేమైతే పెద్ద దుంప, నున్నగా ఉన్నది చూసి తీసుకోబోయాం. పిన్ని దాన్ని పక్కన పెట్టేసింది. "అది మొన్న తవ్విన దుంపే. తడి ఆరలేదు. దురద దాంట్లోనే ఉంటాది. పాతది సూడు, మట్టి ఎండిపోయి, బరువుగా, గట్టిగా ఉన్నది" అంది. బొటనవేలితో నొక్కి చూపించింది. మెత్తబడిన చోటు ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టు. కోసి అమ్ముతున్న ముక్కైతే కోత మొహం ఆరి ఉందా, నీరు కారుతోందా చూడాలి.

ఈ దురద ఎందుకొస్తుందో చెప్తాను. కందలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుగా ఉంటుంది. అవి చేతికీ, నాలుకకీ గుచ్చుకుంటాయి. బాగా ఉడకబెట్టి, చింతపండు పులుపు తగిలిస్తే ఆ బాధ బాగా తగ్గుతుంది. మన పెద్దవాళ్లకి స్ఫటికాల సంగతి తెలియదు గానీ కందకి చింతపండు జోడీ చేసిపెట్టారు.

రెండోది బచ్చలి. ఆకు దళసరిగా ఉండాలి, తీగ కొన గోటితో గిల్లితే టక్కున తెగాలి. తీగ నారెక్కితే ఆ కట్ట వద్దు. పువ్వు, కాయ పట్టిందంటే ముదిరినట్టు.

మూడోది బెల్లం. ఇక్కడ నేను తప్పులో కాలేశాను. పసుపుపచ్చగా మెరిసిపోతున్న దిమ్మ చూపించి "ఇది బాగుంది పిన్నీ" అన్నాను. పిన్ని నవ్వింది. "అనకాపల్లి పక్కన పుట్టి అలాగంటావేటే?" అంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటని మీకు తెలుసు. కానీ కొనేవాళ్లు తెల్లటి రంగే అడుగుతారు కాబట్టి, చెరుకు పాకం మరిగేటప్పుడు కొందరు హైడ్రోస్ అనే మందు వేస్తారు. సోడియం హైడ్రోసల్ఫైట్ అన్నమాట. రంగు తేలుతుంది, గంధకం మిగులుతుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకి 70 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార నిబంధనలు చెప్తాయి. కంటితో చూసి ఎంతుందో మనం చెప్పలేం. చెయ్యగలిగిందల్లా రంగు కోసం ఎగబడకపోవడమే. ముదురు గోధుమ రంగు బెల్లం తీసుకుని, చిన్న ముక్క నోట్లో వేసుకుని, ఉప్పదనం లేకుండా ఉందా చూసుకోవడం. తెల్ల బెల్లం అడగడం మనం మానేస్తే, వండే రైతుకి ఆ మందు వెయ్యాల్సిన పని ఉండదు.

ఇక నాలుగోది. చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. కంద అమ్ముతున్నావిడ కొండ మీది ఊరి నుంచి దిగి వచ్చింది. రెండు కిలోలకి నూట ఇరవై అంది. నేను అలవాటు కొద్దీ వంద అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే తీసుకోమ్మా" అని తూచి ఇచ్చింది. నేను గెలిచినట్టు పిన్ని వైపు చూశాను. పిన్ని నవ్వలేదు. సంచీ అందుకుని ముందుకి నడిచింది.

వంటింట్లో

ఇంటికొచ్చాక పిన్ని పొయ్యి వెలిగించలేదు. ముందు మా చేతులకి నూనె రాయించింది. కంద కోసేటప్పుడు చేతులు తడిగా ఉండకూడదు, నూనె రాసుకోవాలి. చెక్కు మందంగా తియ్యాలి. మా స్నేహితురాలు ఒకామె పొదుపుగా పల్చగా తీస్తుంటే "అక్కడ పొదుపు సేస్తే నోరు పోతాది" అంది. అయినా నా చెయ్యి దురద పెట్టింది. చింతపండు నీళ్లతో కడిగించింది, నెమ్మదించింది.

మేం ఫోన్లో కొలతలు రాసుకుంటుంటే చాలా ఇబ్బంది పడ్డాం. పిన్ని కొలతలు వేరు. మా అమ్మమ్మ కాలం లెక్క ఆవిడకి ఇంకా నోటికొచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి బియ్యానికీ, పప్పుకీ. ఉప్పూ కారాలకైతే చెయ్యే కొలత. చివరికి ఒక ఉపాయం చేశాం. ఆవిడ చేతిలోకి తీసుకున్న ప్రతిదాన్నీ ముందు మా చెంచాలో పోయించి, తర్వాత గిన్నెలో వేశాం. ఆవిడ విసుక్కుంది గానీ ఒప్పుకుంది. అలా తేలిన లెక్క ఇది, ఐదుగురికి సరిపోతుంది.

కంద అరకిలో, బచ్చలి రెండు కట్టలు, చింతపండు నిమ్మకాయంత, ఆవాలు రెండు చెంచాలు, పచ్చిమిర్చి నాలుగు, బెల్లం ఉసిరికాయంత, పసుపు, ఉప్పు. పోపుకి శనగపప్పు, మినప్పప్పు, కాసిని ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు.

కంద ముక్కలు రెండు మూడు నీళ్లు కడిగి, పసుపు వేసి ఉడకబెట్టాలి. సగం ఉడికాక తరిగిన బచ్చలి వెయ్యాలి. ముక్క వేలితో నొక్కితే మెదగాలి. అప్పుడే చింతపండు. ముందే వేస్తే ముక్క త్వరగా ఉడకదు. పులుపు తగిలితే కూర ముక్క మెత్తబడడం బాగా ఆలస్యమవుతుంది. పప్పులో చింతపండు ముందే పోస్తే పప్పు ఉడక్కపోవడం మీరు చూసే ఉంటారు. ముక్కల పులుసుకీ ఇదే సూత్రం. ముందు ఆనపకాయ, గుమ్మడి, ములక్కాడ ఉడకాలి, తర్వాత పులుసు, తర్వాత బెల్లం.

ఉడికినదాన్ని నీళ్లు వార్చి, పోపులో వేసి, చింతపండు గుజ్జు, ఉప్పు, బెల్లం కలిపి దగ్గరపడేదాకా ఉంచాలి. తర్వాత దించెయ్యాలి. ఇక్కడే నేను మూడుసార్లూ తప్పు చేశాను.

ఆవ ఎప్పుడు పెట్టాలి

నేను కూర పొయ్యి మీద ఉండగానే ఆవ ముద్ద కలిపేదాన్ని. పిన్ని కూర దించి, మూత తీసి, వీధరుగు మీదకెళ్లి కూర్చుంది. "ఆవ పెట్టవా?" అంటే "సల్లారనీ" అంది. పది నిమిషాలు అలాగే ఉన్నాం.

దీని వెనక సంగతి ఏమిటంటే, ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజలో రెండు వేరువేరు పదార్థాలుంటాయి. నలిగి నీళ్లు తగిలినప్పుడు అవి కలుస్తాయి, అప్పుడు ఘాటు పుడుతుంది. ఆ ఘాటు పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది. పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోయే రకం. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే గానీ ముక్కుకి ఎక్కవు. మరిగే కూరలో ఆవ కలిపితే మనం నూరిన శ్రమ అంతా ఆవిరితో పోతుంది.

నూరడంలోనూ కిటుకుంది. ఆవాలు, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త నీళ్లు, చిన్న రోట్లో. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే చేదెక్కుతోంది. నా రెండోసారి చేదు అదే. మిక్సీ తప్పదనుకుంటే ఆపి ఆపి, రెండు మూడు తిప్పులు చాలు. నూరిన ముద్దని గోరువెచ్చటి కూరలో కలిపి, పైన ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె.

విస్తళ్లలో వడ్డించుకుని తిన్నాం. మొదటి ముద్దకి నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆవ ఘాటు అనే చెప్పాను అందరికీ.

డబ్బుల మాట

సాయంత్రం బయల్దేరేముందు మేం నలుగురం తలా ఐదు వందలు వేసుకుని పిన్ని చేతిలో పెట్టబోయాం. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. "అన్నం పెట్టి డబ్బులు తీసుకుంటానేటే?" అంది. నేను అన్నాను, "పిన్నీ, మీ వీధిలో మిషను కుట్టడం నేర్పే ఆవిడ నెలకి ఫీజు తీసుకుంటుంది కదా. డ్రైవింగ్ నేర్పేవాళ్లు తీసుకుంటారు. నువ్వు పొద్దున్న ఏడింటి నుంచి నిలబడి నేర్పావు. ఇది పని కాదా?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లుగా చేస్తున్నదాన్ని ఎవరూ ఆ మాటతో పిలవలేదు ఆవిడ దగ్గర. చివరికి డబ్బులు తీసుకుని, కొంగుకి కట్టుకుని, "సరే. మరి నా పనికి డబ్బులిచ్చినదానివి, ఆ కందలావిడ దగ్గర ఇరవై రూపాయలు ఎందుకు కోసీసావు? దుంప తవ్వి, కొండ దిగి మోసుకొచ్చింది, అది పని కాదేటి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై రూపాయలు తీసి ఇచ్చాను. వచ్చే సంతకి ఆవిడకి ఇచ్చేస్తానంది పిన్ని. ఇచ్చేసిందని తర్వాత ఫోన్లో చెప్పింది. "ఏదో పొరపాటున తక్కువిచ్చారనుకుంది" అంది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మీరు ఇలాంటి క్లాసు పెట్టుకోవాలంటే

మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ ఇలాంటి చెయ్యి ఉన్న పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. వెళ్లండి. రెండు వంటలకి మించి పెట్టుకోకండి. సరుకులు కొనేటప్పుడు ఆవిడతోనే వెళ్లండి, ఏది వద్దంటున్నారో, ఎందుకు వద్దంటున్నారో అడగండి. వీడియో తియ్యడం ఒకరికి అప్పగించి మిగతావాళ్లు చేతులతో చెయ్యండి. చేతి కొలతని చెంచాలోకి మార్చి రాసుకోండి. రుచి చూసే ప్రతిసారీ మీరూ చూడండి, ఉప్పు వెయ్యకముందు, వేశాక కూడా. మాలతీ చందూర్ గారి 'వంటలు–పిండివంటలు' చూసి వంట నేర్చుకున్న ఇళ్లు మన దగ్గర ఎన్నో. పుస్తకం కావాలి, వీడియో కూడా కావాలి. కానీ "సల్లారనీ" అని పది నిమిషాలు ఊరికే కూర్చోవడం మాత్రం ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది. వీడియోలో ఆ పది నిమిషాలు కత్తిరించేస్తాం. నేనూ కత్తిరించేదాన్నే.

చివరగా ఫీజు ఇవ్వండి. వద్దంటారు, అయినా ఇవ్వండి. సంతలో కూడా అడిగిన ధర ఇవ్వండి.

ఇంటికొచ్చి నేను మళ్లీ చేశాను. మా అమ్మాయి తిని, "అమ్మమ్మది ఇంకొంచెం పుల్లగా ఉండేది" అంది. మూడుసార్లు చేసినా రాని మాట అది. దగ్గరికొచ్చామన్నమాట. వచ్చేసారి చింతపండు కాస్త పెంచుతాను.

మీ ఇంట్లో ఎవరి చేతి వంట మీరు నేర్చుకోకుండా ఉండిపోయారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ముక్కల పులుసు, అదీ పిన్ని లెక్క ప్రకారమే.