దుర్గము: అర్థము, వాడుక

కీర్తనలలో తరచుగా కనబడు ‘దుర్గము’ అను మాటను మనము ‘కోట’ అని చెప్పి ముందుకు సాగిపోతాము. ఈ సంస్కృత పదములో ‘దుర్’ అనగా కష్టము, ‘గమ్’ అనగా వెళ్ళుట. చేరుటకు కష్టమైన చోటు దుర్గము. ‘దుర్భేద్యము’ అనగా ఛేదించుటకు కష్టమైనది. పత్రికలలో మనము చదివే ‘శత్రుదుర్భేద్యమైన కోట’ గోడల బలమును చెప్పును. అనంతపురం జిల్లాలో కొండమీద కోటయున్న రాయదుర్గము పేరులో దుర్గమునకు గల మొదటి భావము నేటికీ నిలిచియున్నది.

18వ కీర్తన 2వ వచనములో ‘ఉన్నత దుర్గము’ అని అనువదింపబడిన హెబ్రీ మాట ‘మిస్గాబ్’. దాని ధాతువునకు ఎత్తుగా నుండుట అని అర్థము. శత్రువు చేతికి అందని ఎత్తు అనునదే ఇచ్చటి భావము.

బోధించునప్పుడు ఈ అర్థము మరువరాదు. దేవుడు దుర్గము గనుక విశ్వాసికి రోగము, నష్టము రావని మనము చెప్పినయెడల, మంచముపట్టిన విశ్వాసి తన విశ్వాసమునే అనుమానించును. ఆ కీర్తన శీర్షికలో సౌలు పేరున్నది. 4వ వచనములో మరణపాశములున్నవి. తరుమబడినవాడే దేవుని దుర్గమనెను. శత్రువు లేనివానికి దుర్గముతో పనియేమి? శ్రమలో నున్నవానికి ఆశ్రయముగా ఈ మాటను అందించుట మన బాధ్యత.