సగం నొక్కి ఆగాలట!

మా అబ్బాయి డిజిటల్ కెమెరా తెచ్చి చేతిలో పెడితే, "నాకెందుకురా, సెల్లుందిగా!" అన్నాను. లోపల మాత్రం ఒక కోరికుంది. మా అత్తమ్మకు ఎనభై దాటాయి. ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఆమెకు మంచి ఫోటో లేదు.

ముందు బెలుం గుహల్లో తీసి చూశాను. మా కోయిలకుంట్ల నుంచి కొలిమిగుండ్ల వైపు పోవాలి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి. 2002 నుంచి అందరూ చూస్తున్నారు. లోపల మసక వెలుతురు. తీసినవన్నీ చెదిరిపోయాయి! వెలుతురు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుందట. ఆలోగా చేయి కదిలితే అంతే. రీలు కెమెరా అయితే ముప్పై ఆరు ఫోటోల డబ్బూ దండగే.

"అట్ల ఒకేసారి నొక్కేస్తే ఎట్లమ్మా? సగం నొక్కి ఆగు. ఆకుపచ్చ గడి వచ్చినాక పూర్తిగా నొక్కు" అన్నాడు వాడు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి నొక్కితే చేయి కదలదు. పాకం చూసినట్టే, తొందర పనికిరాదు.

ఇంకోమాట. ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించకుండా 'ఫార్మాట్' నొక్కకండి. నేను నొక్కి, మా మరిది కూతురి సీమంతం ఫోటోలు పోగొట్టాను. కార్డు వెంటనే తీసి పెట్టుంటే కొన్నైనా తిరిగొచ్చేవట. దాని మీదే మళ్లీ తీశాను! ఆ పిల్ల ఇప్పటికీ ముభావంగానే ఉంది.

మొన్న పొద్దున అత్తమ్మ వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. ఏటవాలు ఎండ. ఫ్లాష్ ఆపేసి, సగం నొక్కి, ఆగి, తీశాను. చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

"అచ్చం మా అమ్మే" అంది.