చేతి తిమ్మిరి

నడిరేయి చేయి తిమ్మిరెక్కి మేలుకొని, దానిని విదిలించుకొనువారు మన పల్లెలలోఁ బెక్కురు కలరు. కొందఱు దీనిని పక్షవాతమునకుఁ దొలిగుర్తని భయపడుదురు. కొందఱు వాతమని తైలము మర్దించి యూరకుందురు. వైద్యుఁడనైన నేను వారిని మొదట నడుగు ప్రశ్న యిది: చిటికెనవ్రేలికిఁ గూడఁ దిమ్మిరి కలదా? బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కి, చిటికెనవ్రేలు బాగుగా నున్నచోఁ దఱచుగా దోషము మణికట్టునందుండును.

మణికట్టునందలి 8 చిన్న యెముకలును, వానిపై వంతెనవలె సాగిన గట్టి పట్టియుఁ గలిసి యొక యిఱుకు దారి యేర్పడుచున్నది. అందు 9 కండరపు త్రాళ్లును, ఒక నరమును పోవును. ఆ త్రాళ్ల చుట్టు వాఁపు కలిగినచో నరము నలుగును. ఎడతెగక పాలు పితుకుట వంటి పిడికిలి పనులు, గర్భము, మధుమేహము, థైరాయిడ్ గ్రంథి మాంద్యము దీనికిఁ గారణములు కావచ్చును.

వ్యాధి ముదరకున్నచో మొదట కత్తితోఁ బనిలేదు. నిదురలో మణికట్టు వంగినచో నరముపై నొత్తిడి హెచ్చును. కావున రాత్రులందు మణికట్టును నిటారుగా నుంచు బద్దకట్టును 6 వారములైనను ధరింపవలెను. బిగించి కట్టరాదు. పనికి నడుమనడుమ చేతికి విశ్రాంతి నీయవలెను. తగ్గనిచో వైద్యుఁడు మణికట్టునకు స్టెరాయిడ్ సూది వేయును. దాని గుణము పెక్కురకుఁ గొన్ని వారములో, నెలలో నిలుచును. మూలరోగమున్నచో దాని చికిత్స మానరాదు.

కాని బొటనవ్రేలి మొదటి కండ కరఁగినను, పట్టిన చెంబు జాఱిపడుచున్నను జాగు చేయరాదు. నలిగిన నరము చిరకాల మోర్వదు. అప్పుడు శస్త్రచికిత్సయే మేలు. ఇఁక నొకవైపు చేయి, కాలు హఠాత్తుగాఁ బడిపోయినను, మాట తడబడినను, అది వేఱు వ్యాధి. క్షణమైన నాలసింపక యాసుపత్రికిఁ గొనిపోవలెను.

కావునఁ దిమ్మిరి వచ్చినప్పుడు భయపడక, ఉపేక్షింపక, ముందు వ్రేళ్లను లెక్కించి చూచుకొనుఁడు.