వెలుగునీడల పొందిక

ఛాయ అనే మాటకు నీడ అనీ, కాంతి అనీ, మేనివన్నె అనీ అర్థాలున్నవి. చామనచాయ అనే మాటలోని చాయ ఈ ఛాయయే. సూర్యుని భార్యలలో ఒకతె పేరు ఛాయాదేవి అని పురాణాలు చెబుతున్నవి. వెలుగును, నీడను విడదీయరాదని పూర్వులు ఎరిగినట్లే ఉన్నది. ఫొటోకు ఛాయాచిత్రమని పేరు పెట్టినవారు కూడా ఆ సంగతి మరువలేదు. అయితే కెమెరాకు విడిగా ఫ్లాష్ కొనబోయేవారిలో అనేకులు నీడను రూపుమాపడమే దాని పని అని తలుస్తున్నారు. నీడ లేని ముఖానికి రూపమెక్కడిది? ముక్కు ఎత్తును, చెక్కిలి వంపును మనకు తెలియజేసేది నీడయే. కావలసింది దానిని తొలగించడం కాదు. మెత్తబరచి తగిన చోట నిలపడం.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథే, యోహన్నెస్ గేడికె అనే ఇరువురు మెగ్నీషియం కలిపిన మెరుపు చూర్ణాన్ని రూపొందించారు. న్యూయార్కు పత్రికారచయిత జేకబ్ రీస్ అటువంటి చూర్ణపు వెలుగులో బీదల ఇరుకు గదులను ఫొటోలు తీసి, వారి జీవితాన్ని గురించి 1890లో ఒక గ్రంథం వెలువరించాడు. అంతవరకు లోకం కంటబడని మనుష్యులు ఆ మెరుపులో కనబడ్డారు. నేడు చూర్ణానికి బదులు గ్జెనాన్ వాయువు నింపిన గాజునాళం వచ్చింది. కాని చీకటిలో ఉన్నవారిని చూపడమే ఇప్పటికీ ఫ్లాష్‌కు గౌరవం.

మన పాఠశాలల వార్షికోత్సవ చిత్రాలలో తరచు దీనికి విపరీతం జరుగుతున్నది. ముందువరుస పిల్లల ముఖాలు చామనచాయ పోయి సున్నం కొట్టినట్లుంటవి. వెనుకవరుసవారు చీకటిలో కలిసిపోతారు. కారణం భౌతికశాస్త్ర పాఠంలోనే ఉన్నది: కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ముందువరుస 2 మీటర్ల దూరంలోను, చివరివరుస 4 మీటర్ల దూరంలోను ఉంటే, చివరివారికి అందేది ముందువారి వెలుగులో నాలుగవ వంతు మాత్రమే. ఫొటో తీసేవారు మరో 2 మీటర్లు వెనుకకు జరిగితే దూరాలు 4, 6 మీటర్లవుతాయి. అప్పుడు చివరివారికి నూటికి 44 పాళ్లు అందుతుంది. ఖర్చులేని సంస్కారమిది!

ఇంతకన్న మేలైన ఉపాయం ఫ్లాష్ తలను తెల్లని పైకప్పు వైపు తిప్పడం. అప్పుడు కప్పంతా దీపమై, వరుసలన్నిటిమీద వెలుగును ఇంచుమించు సమంగా కురిపిస్తుంది. కాంతినిచ్చేది చిన్నదైతే నీడ అంచు కత్తితో కోసినట్లుంటుంది, పెద్దదైతే కరిగిపోతుంది. మిట్టమధ్యాహ్నపు నీడను, మబ్బు పట్టిననాటి నీడను పోల్చి చూస్తే విద్యార్థులకు ఇది ఇట్టే బోధపడుతుంది. అయితే కప్పుకు ఆకుపచ్చరంగు ఉంటే ముఖాలకూ ఆ రంగే అంటుతుంది. పెంకుటిల్లయితే కప్పు వెలుగును మింగివేస్తుంది. అటువంటి చోట పక్కనున్న తెల్లగోడగాని, ఇద్దరు పిల్లలు పట్టుకున్న తెల్లని దుప్పటిగాని చాలును.

కనుక ఫ్లాష్ కొనేటప్పుడు మొదట చూడవలసినది దాని తల పైకీ, పక్కలకూ తిరుగుతుందా అన్నది. కెమెరాను నిలువుగా పట్టినప్పుడు పక్కకు తిరగని తల కప్పును చూడలేదు. రెండవది శక్తి. దీనిని గైడ్ నంబరు అంటారు. ఆ అంకెను ఎపర్చరు సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం వస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద 36 గలదానికి, ఎపర్చరు 4 అయితే, 9 మీటర్లు. కప్పుకు కొట్టినప్పుడు చాలా కాంతి నష్టమవుతుంది కాబట్టి కొంత శక్తి మిగులు ఉండటం మంచిది. మూడవది, ఆ శక్తిని సగానికి, పావుకు, ఇంకా తక్కువకు మనమే తగ్గించుకొనే వీలు. ఎండలో కనుగుంటల నీడను పలుచన చేయటానికి ఇది అక్కరకు వస్తుంది. నాలుగవది, మన కెమెరాకు సరిగా అమరడం. కొన్ని పాతకాలపు ఫ్లాష్‌ల విద్యుత్తు నేటి డిజిటల్ కెమెరాలను పాడుచేయగలదు, విచారించనిదే తగిలించరాదు.

ఫ్లాష్‌ను సూటిగానే వాడవలసి వస్తే పిల్లలను గోడకు ఆనించి నిలబెట్టవద్దు. రెండు మీటర్లు ముందుకు జరిపితే గోడమీది నల్లని నీడ చాలవరకు తప్పుతుంది. కళ్లద్దాల మీద మెరుపు పడుతుంటే ఫ్లాష్‌ను కెమెరానుండి వేరుచేసి పక్కకు, ఎత్తుగా పట్టవలెను.

ఇవన్నీ చిన్న సంగతులే. కాని పొడవైనవాడని చివరివరుసలో నిలబెట్టిన పిల్లవానికి ఆ చిత్రమొక్కటే బడిరోజుల గుర్తుగా మిగలవచ్చును. ముప్పది యేండ్ల తరువాత అతడు దానిని తన బిడ్డకు చూపి "ఇదిగో నేను" అని వేలు పెట్టినచోట ముఖం కనబడాలి.