పిల్లి కాలి పుండు ఎందుకు తిరగబెట్టును?



ధాన్యపు గాదె ఉన్న ఇంట పిల్లి ఉండుట మన గ్రామాలలో పాత అలవాటు. ఎలుకలకు బోను పెట్టినను, మందు పెట్టినను, రాత్రివేళ కొట్టులో తిరుగు పిల్లి చేయు కాపలా వేరు. అయినను ఎద్దు కుంటినచో ఆ దినమే పశువైద్యశాలకు తోలుకొని పోవుదుము గాని, పిల్లి కుంటినచో "నాకి అదే మాన్పుకొనును" అని ఊరకుందుము. చాల పర్యాయములు అట్లే మానును కూడ. కాని మానినట్లే మాని, నెల తిరుగకముందే అదే కాలు మరల వాచినచో ఊరకుండరాదు.

నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడనే గాని పశువైద్యుడను కాను. మా ఇంటి పిల్లి విషయమున నేను చేసిన పొరపాట్లను, పశువైద్యాధికారి వాటిని సరిదిద్దిన తీరును తెలిపినచో మీకు ఉపయోగపడునని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మా పిల్లికి జరిగినది

మా పిల్లికి మూడేండ్ల వయస్సు. సంక్రాంతి వెళ్ళిన వారమునకు ముందరి ఎడమ కాలు నేల మోపక కుంటసాగినది. వ్రేళ్ళ సందున శనగగింజంత గడ్డ కనబడినది. రెండు దినములలో అది పగిలి చీము కారినది. ఉప్పునీటితో కడిగితిమి. వారములో మానినది. మూడు వారములకు అదే కాలు మరల వాచినది. ఈసారి ఇంటిలో ఉన్న పూతమందు పూసితిని. పూసినంతసేపు పట్టలేదు, పిల్లి దానిని నాకివేసినది. పుండు మాత్రము మానినది, మరల వచ్చినది. మూడవసారి పశువైద్యశాలలో చూపించి ఏడు దినములు మాత్రలు వేసితిమి. కాలు పూర్తిగా బాగుపడినదనుకొంటిమి. మాత్రలు ఆపిన పదునైదు దినములకు నాలుగవసారి వాచినది.

అప్పుడు గాని నాకు తోచలేదు. పైరుకు తెగులు వచ్చినచో ఏ మడిలో, ఏ దినమున, ఆకు అడుగునా పైనా అని వ్రాసికొనమని రైతులకు చెప్పుదును. ఇంటి పిల్లికి ఆ పని చేయలేదు. జ్ఞాపకమున్నంతవరకు తేదీలు, పుండు స్థలము ఒక కాగితముపై వ్రాసితిని. నాలుగుసార్లును అదే కాలు. నాలుగుసార్లును అదే వ్రేళ్ళ సందు. మిగిలిన మూడు కాళ్ళకు గీత కూడ లేదు. మా పెరటి కంచె సర్కారు తుమ్మ కంపతో వేసినది. పిల్లి రాకపోకలన్నియు దాని క్రిందుగానే.

ఆ కాగితము చూపగా పశువైద్యాధికారి పిల్లికి మత్తు ఇచ్చి, కాలి వెండ్రుకలు కత్తిరించి చూచినారు. పుండు నడుమ సూది మోపినంత రంధ్రము ఉన్నది. సన్నని సలాక అందులోనుండి వాలుగా లోనికి పోయినది. చివరకు పట్టుకారుతో సుమారు ఒక సెంటీమీటరు పొడవున్న తుమ్మముల్లు మొన బయటికి వచ్చినది. ముల్లు కర్రజాతి వస్తువు కనుక సాధారణ ఎక్స్‌రేలో తరచు కనబడదనియు, వెదకియే తీయవలెననియు వారు చెప్పినారు. పది దినములలో పుండు మానినది. ఏడాది దాటినది, మరల రాలేదు.

మందు పనిచేయలేదని అనుటకు లేదు. మందు చీమును అణచినది. ముల్లును తీయుట మందు పని కాదు. చేనిలో తుంగను పైన కోసి, గడ్డను నేలలో వదలినట్లే ఇది. కావున తిరగబెట్టు పుండుకు "ఏ మందు?" అని అడుగుటకు ముందు "ఎందుకు?" అని అడుగవలెను.

కాలును పరీక్షించు విధము

పిల్లి మేత తిని నెమ్మదిగా ఉన్న వేళ, వెలుతురున్న చోట, దానిని మందపాటి తుండుగుడ్డలో చుట్టి ఒక కాలు మాత్రమే బయటికి తీయవలెను. ఒకరు పట్టుకొనగా మరొకరు చూచుట మేలు. ముందరి కాలికి ఐదు, వెనుక కాలికి నాలుగు వ్రేళ్ళుండును. వ్రేలిని పైనుండి, క్రిందనుండి మెల్లగా నొక్కినచో లోపల దాగిన గోరు బయటికి వచ్చును. ప్రతి గోటి మొదలును, ప్రతి సందును, అరికాలి మెత్తలను చూడవలెను. కుంటు కాలిని బాగున్న కాలితో పోల్చిన గాని వాపు తెలియదు. తరువాత ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెను: ఒక కాలా, పెక్కు కాళ్ళా? మెత్తలోనా, సందులోనా, గోటి మొదటనా? ఎన్ని దినములకు, దేని తరువాత వచ్చుచున్నది?

ఒకే కాలైనచో

ముల్లు, గాజుపెంకు, గడ్డిగింజ ముల్లు లోపల చిక్కియుండవచ్చును. ఎలుక కరచిననో, మరొక పిల్లితో పోట్లాడిననో కోరగాయము పైకి త్వరగా మూసికొని లోన చీము పట్టును. ముందరి కాలి లోపలి వైపున, కొంచెము ఎత్తున ఉండు గోరు నేలకు తగలక అరగదు. ముసలి పిల్లులలో ఇట్టి గోరు వంకరగా పెరిగి మెత్తలోనికి గ్రుచ్చుకొనును. గోరు కత్తిరించక ఎంత పూత పూసినను ఫలము లేదు. ముసలి పిల్లికి వ్రేలు వాచి, గోరు ఊడి, పుండు మానక ఉన్నచో తప్పక చూపించవలెను. ఊపిరితిత్తులలోని పుట్టకురుపు ఒక్కొక్కప్పుడు మొదట కాలి వ్రేళ్ళలోనే బయటపడును.

పెక్కు కాళ్ళైనచో

ఇప్పుడు ముల్లును గాక, పిల్లి నడచు నేలను అనుమానింపవలెను. తడి సున్నము, బ్లీచింగు పొడి, ఒలికిన ఎరువు, పురుగుమందు, పొయ్యిలోని వేడి బూడిద మెత్తలను కాల్చును. పురుగుమందైనచో ప్రమాదము కాలితో ఆగదు. పిల్లి కాళ్ళు నాకుకొనును గనుక విషము కడుపులోనికి పోవును. నోట చొంగ, వణకు కనబడినచో ఒక గంట కూడ జాగు చేయరాదు.

మెత్తలు నొప్పి లేకయే ఉబ్బి, దిండువలె మెత్తబడి, ఊదారంగు తిరిగి, పైన తెల్లని సన్నగీతలు తేలినచో అది వేరొక వ్యాధి. శరీరపు రక్షణశక్తి దారి తప్పుటవలన కలుగునని భావింపబడుచున్నది. దీనికి పశువైద్యులు తరచు డాక్సీసైక్లిన్ వాడుదురు. గుణము కనబడుటకు వారములు పట్టును. నాలుగు దినములకే మందు మానరాదు.

వెండ్రుకలు గుండ్రముగా రాలి పొట్టు లేచినచో తామర కావచ్చును. ఇది పిల్లినుండి పిల్లలకు అంటును. ఇంటిలో పసివారి చేతులపై తామర మచ్చలు లేచుటయు, పిల్లి కాళ్ళు పాడగుటయు ఒకేమారు జరిగినచో రెండు చికిత్సలును ఒకేమారు జరుగవలెను. కాళ్ళపైనను ముఖముపైనను మానని పుండ్లున్న పిల్లిని వట్టి చేతులతో తాకరాదు. మనుష్యులకు సోకు బూజుజాతి వ్యాధి కూడ వాటిలో ఒకటి.

ఇంటిలో చేయదగినది

లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా రెండు చిన్న చెంచాలకు కొంచెము తక్కువ, కలిపి గోరువెచ్చగా నున్నప్పుడు దినమునకు రెండుసార్లు పుండును కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దవలెను. పిల్లి నాకకుండ అట్టముక్కను గరాటువలె చుట్టి మెడకు కట్టవచ్చును. విసర్జనకు ఇసుక పెట్టువారు పుండు మానువరకు కాగితపు ముక్కలు పెట్టుట మేలు. పైననే కనబడు ముల్లును తీయవచ్చును గాని, లోపలి దానికై సూదితో కెలుకరాదు.

చేయకూడనివి

నొప్పి తగ్గునని పారాసెటమాల్ ఎన్నడును ఇవ్వరాదు. దానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. మనము జ్వరమునకు వేసికొను 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణము తీయగలదు. ఫినాయిలు మొదలైన ఘాటైన క్రిమినాశకములు, కిరోసిను పూయరాదు. చర్మమునుండియు, నాకుటవలనను అవి విషమగును. కుక్కల గోమార్లకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లికి వాడరాదు. నా పొరపాటు కూడ ఇట్టిదే. రెండవసారి పూసిన మందు మనుష్యుల కొరకు చేసినది. దానివలన చెరుపు జరుగకపోవుట నా అదృష్టమే గాని నా తెలివి కాదు.

పశువైద్యశాలకు ఎప్పుడు?

పుండు రెండవసారి వచ్చినచో, రెండు దినములైనను కాలు మోపనిచో, మేత మానినచో, వాపు పైకి ప్రాకినచో ఆలస్యము చేయక తీసికొనిపోవలెను. మీరు వ్రాసికొన్న కాగితమును కూడ చేతబట్టుకొని పోవలెను. పరీక్షించునపుడు పిల్లి కరచిననో, గీరిననో, గాయమును సబ్బుతో ధారగా 15 నిమిషములు కడిగి ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. పిచ్చివ్యాధి కుక్కవలననే గాక పిల్లివలనను వచ్చును. మూడు నెలలు దాటిన పిల్లికి టీకా వేయించుట అందరికిని క్షేమము.

గ్రామాధికారులకు ఒక మనవి. పశువైద్య శిబిరము జరుగునని చాటింపు వేయించునపుడు పిల్లులను కూడ తీసికొని రమ్మని ఒక మాట చేర్చినచో చాల ఇండ్లవారు కదలుదురు. పిల్లిని ఆసుపత్రికి తెచ్చినచో నలుగురు నవ్వుదురను సంకోచమే పెక్కుమందిని ఆపుచున్నది. మా ముల్లు నాలుగు నెలలు లోపల ఉండుటకు అట్టి సంకోచము కూడ కొంత కారణము.