శ్రీరాంపూర్ ఓటుకు ఢిల్లీలో బరువెంత?

2023 నవంబర్‌లో తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగితే బొగ్గు గనులున్న మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి, రామగుండం నాలుగూ కాంగ్రెస్‌కే దక్కాయి. నెల తిరక్కుండానే, డిసెంబర్ 27న, సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఆ పార్టీ అనుబంధ ఐఎన్‌టీయూసీ ఓడింది. పదకొండు ఏరియాల్లో ఆరింట నెగ్గి కూడా ఓడింది. శ్రీరాంపూర్‌తో కలిపి ఐదే గెలిచిన ఏఐటీయూసీ, మొత్తం ఓట్లలో సుమారు 2 వేల ఆధిక్యంతో గుర్తింపు దక్కించుకుంది. 2012లో, 2017లో టీఆర్‌ఎస్ అనుబంధ టీబీజీకేఎస్‌ను గెలిపించిందీ ఈ కార్మికులే. బాయి దగ్గర వేసే ఓటు పని చూసి వేసే ఓటు. సర్కారు ఎవరిదన్నది అక్కడ రెండో మాట.

లోక్‌సభకు వచ్చేసరికి ఆ పట్టు కనిపించదు. ఈ నాలుగు స్థానాలున్న పెద్దపల్లి 1998 నుంచి ప్రతిసారీ రాష్ట్రంలో అధికారం ఉన్న, లేదా అప్పుడే అధికారానికి వచ్చిన పార్టీనే గెలిపించింది: తెలుగుదేశం, కాంగ్రెస్, టీఆర్‌ఎస్, 2024లో మళ్లీ కాంగ్రెస్. ఇది తెలివితక్కువ అలవాటేమీ కాదు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా ఉంది, కారుణ్య నియామకాల మాట హైదరాబాద్‌లోనే తేలాలి. కానీ కొత్త బొగ్గు బ్లాకు ఎవరికివ్వాలో, కార్మికుడి జీతం మీద ఆదాయపు పన్ను ఎంతో తేల్చేది ఢిల్లీ. అక్కడ సీట్ల లెక్క కన్నా అవసరం లెక్క పెద్దది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఒకే పార్టీకి 22 మంది ఎంపీలనిచ్చింది. బీజేపీకి సొంతంగా 303 ఉండడంతో ప్రత్యేక హోదా అడుగు కదల్లేదు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది, తెలుగుదేశానికి 16 మందే ఉన్నా జులై బడ్జెట్‌లో అమరావతికి 15 వేల కోట్ల హామీ వచ్చింది.

అలాగైతే కేంద్రంలో ఉన్న పార్టీకే ఓటేస్తే పోలేదా అనొచ్చు. 2024లో తెలంగాణ బీజేపీకి 8 సీట్లిచ్చింది, సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి బొగ్గు మంత్రి అయ్యారు. అయినా ఆ జూన్‌లోనే మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు, సింగరేణికి నేరుగా దక్కకుండా, వేలానికి వచ్చింది. గడప దాటి వెళ్లలేనివాడు ఇంట్లో బేరమాడలేడు. తెలుగుదేశానికి ఆ దారి తెరిచి ఉంది, బీజేపీ సొంత ఎంపీలకు లేదు. పెద్దపల్లిలోని పదిహేను లక్షలకు పైగా ఓటర్లలో సింగరేణి కార్మికులు ఎంతన్నది ఇంకో ప్రశ్న. వాళ్లు మాత్రమే ఎంపీని గెలిపించలేరు, నిజమే. కానీ పెద్దపల్లి పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో, పైన చెప్పిన నాలుగూ బొగ్గు బెల్టులోవే.

ఓటు కాక సమ్మె కూడా ఒక దారే. తెలంగాణ కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు నెల రోజులకు పైగా ఆగి కరెంటుకు కటకట వచ్చినప్పుడు, ఎంపీల సంఖ్యతో పని లేకుండానే ఢిల్లీ ఇటు చూసింది. ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఒకప్పుడు లక్ష దాటిన పర్మినెంటు కార్మికుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. సమ్మెకు ఆనాటి పదును లేదు.