ఓడ ఎక్కేవారు సీసా పట్టుకుపోవచ్చునా?

మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ పేరు వినని తెలుగు కుటుంబం ఈనాడు అరుదు. విదేశాలకు పోగోరే పిల్లలు అక్కడ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. కోరిక తీరిన తరువాత మళ్లీ వచ్చి 108 ప్రదక్షిణలతో మొక్కు చెల్లించుకుంటారు. ఆయనకు ‘వీసా బాలాజీ’ అనే పేరు స్థిరపడటానికి కారణం అదే. అలా వెళ్లిన పిల్లలు ఉద్యోగాలలో కుదురుకుని, నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక అమ్మనూ నాన్ననూ పిలిపించుకుంటారు. నయాగరా చూపిస్తారు. ఆ మీదట ఏ మయామీ రేవుకో తీసుకుపోయి విహారనౌక ఎక్కిస్తారు. సముద్రం మీద నాలుగైదు రోజులు, పది పన్నెండు అంతస్తుల ఓడ, మూడు పూటలా భోజనం, రాత్రి ఆటా పాటా. ఒకప్పుడు జమీందారులకే చెల్లిన వైభోగం ఇప్పుడు పింఛను పుచ్చుకునే గుమాస్తా దంపతులకు కూడా అందుతున్నది.

ప్రయాణం నిశ్చయం కాగానే మన ఇళ్లలో రెండు ప్రశ్నలు పుడతాయి. ‘ఆవకాయ తీసుకుపోనిస్తారా?’ అని అమ్మ అడుగుతుంది. నాన్న కాస్త గొంతు తగ్గించి, ‘మన సీసా మనం పట్టుకుపోవచ్చునా?’ అంటాడు. మొదటిదానికి సమాధానం సులభం. ఇంట్లో వండినవీ, కలిపినవీ సామాన్యంగా ఓడలవారు రానివ్వరు. మూత ఊడదీయని అంగడి పొట్లాలకు అంత అభ్యంతరం వుండదు. కాబట్టి అమ్మ జాడీ ఇంట్లోనే వుండిపోతుంది. రెండో ప్రశ్న మాత్రం కొంచెం లోతుగా చూడవలసినది. పైకి చూస్తే అది సరదారాయుళ్ల ప్రశ్నలాగా కనిపిస్తుంది కాని, దాని వెనుక మన ఊళ్లకు కూడా పనికివచ్చే పాఠం ఒకటి వున్నది.

బిరడా తీసిన కూలి

అన్ని ఓడల నియమం ఒకటి కాదు. అమెరికా రేవులనుంచి బయలుదేరే పెద్ద కంపెనీలలో రాయల్ కరీబియన్, కార్నివాల్ వారు ప్రయాణం మొదలైన రోజున 21 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి ఒక్కొక్క 750 మిల్లీలీటర్ల ద్రాక్షసారా సీసాను చేతిసంచిలో తెచ్చుకోనిస్తారు. డిస్నీ వారు మరికొంచెం ఉదారులు. పెద్దవారు ఒక్కొక్కరికి రెండు ద్రాక్షసారా సీసాలుగాని, ఆరు బీరు సీసాలుగాని తెచ్చుకోనిస్తారు. విస్కీ, బ్రాందీ, రమ్ము వంటి ఘాటు సరుకు మాత్రం ఈ ముగ్గురి దగ్గరా నిషిద్ధమే. సామాను పరీక్షలో దొరికితే పారబోస్తారు; లేదా స్వాధీనం చేసుకుంటారు. పరిహారం అడిగే హక్కు లేదు.

అనుమతించిన సీసానైనా భోజనశాలకు తెచ్చి తెరవాలంటే కొన్ని డాలర్లు చెల్లించాలి. దాన్ని ‘కార్కేజి’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బిరడా తీసిన కూలి. సీసా మనదే, నోరూ మనదే. అయినా బిరడా తీసినందుకు వారికి దక్షిణ! దారిలో ఏ రేవులోనో దిగి ఒక మంచి సీసా కొన్నామనుకోండి, తిరిగి ఓడ ఎక్కేటప్పుడు సామాన్యంగా దాన్ని పుచ్చుకుని చీటీ రాసిచ్చి భద్రపరుస్తారు. ప్రయాణం ముగిసే వేళ ఇస్తారు. అంటే కొనవచ్చు, మోయవచ్చు, ఇంటికి తెచ్చుకోవచ్చు; ఓడ మీద తాగటానికి మాత్రం వీల్లేదు.

మన దేశంలోనూ ఈ ముచ్చట వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీవారి ‘ఎంప్రెస్’ విశాఖపట్నం రేవుకు వచ్చి, పుదుచ్చేరి, చెన్నపట్నం వైపు యాత్రికులను తీసుకువెళ్లింది. 1990లో యాత్రలు మొదలుపెట్టిన ఓడ అది. మన తీరానికి వచ్చేసరికే ముప్ఫై ఏళ్లు దాటిన అనుభవశాలి. వీరి దగ్గరా బయటి మద్యం పనికిరాదు.

నీళ్లసీసా చేసిన పాపం

నియమం వున్నచోట దాన్ని దాటే ఉపాయాలు కూడా పుడతాయి. అమెరికాలో కొందరు యాత్రికులు నోరు పుక్కిలించే మందు సీసాలో రంగు కలిపిన సారా పోసుకువెళ్లేవారు. కొందరు మడిచిపెట్టే ప్లాస్టిక్కు తిత్తులు కొని బట్టల మధ్య దాచేవారు. అన్నింటికంటె తేలిక ఉపాయం నీళ్లసీసా. తెల్లని వోడ్కాకూ మంచినీళ్లకూ చూపులో తేడా లేదు కదా! మూత మళ్లీ బిగిస్తే చాలు. ఈ బాధ పడలేక కార్నివాల్ కంపెనీ 2015 జూలై నుంచి నీళ్లసీసాలను, శీతల పానీయాల సీసాలను కూడా ఓడ ఎక్కనివ్వటం మానేసింది. డబ్బాలలో వున్నవాటినే, అవీ లెక్కప్రకారం, రానిచ్చింది. నిజంగా తాగటానికే నీళ్లు తెచ్చుకున్నవారికి కూడా ఈ కట్టడి తప్పలేదు. దొంగబుద్ధి కొందరిది, ఇబ్బంది అందరిది. మన ఊళ్లోనైనా లోకంలోనైనా కథ ఒక్కటే.

సీసా తీసుకుపోకుండా ఓడలోనే తాగుదామనుకునేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. రోజుకింత అని ముందుగా డబ్బు కట్టి పానీయాల ‘ప్యాకేజి’ కొనుక్కునే పద్ధతి వున్నది. అయితే ఒక గదిలో వున్న పెద్దవాళ్లలో ఒకరు కొంటే సామాన్యంగా రెండోవారు కూడా కొనవలసిందే. ఒకరు కొని ఇద్దరు తాగుతారేమోనని వారి భయం. మన దంపతుల విషయంలో ఇది ఎలా పరిణమిస్తుందో ఊహించుకోండి! తాగేది ఒకరు, డబ్బు కట్టేది ఇద్దరికి. ఆ ఇల్లాలు నాలుగు రోజులూ నారింజరసం తాగి డబ్బు గిట్టించుకోవలసి వస్తుంది. కార్నివాల్ వారి ప్యాకేజిలో రోజుకు 15 గ్లాసులకు మించి మద్యం ఇవ్వరు. ‘పదిహేనా!’ అని ఆశ్చర్యపోకండి. ఆ అంకె పెద్దదే. కాని అంకె అంటూ ఒకటి వున్నదన్న సంగతిని మనసులో వుంచుకోండి. అసలు విషయం దానిలోనే వున్నది.

లాభమూ, బాధ్యతా

ఓడవారు ఇంత కట్టడి ఎందుకు చేస్తారు? ఒక కారణం ఎవరికైనా తోస్తుంది. లాభం. ఈ పెద్ద కంపెనీల రాబడిలో దాదాపు మూడోవంతు టిక్కెట్టు డబ్బు కాదు. ఓడ ఎక్కాక యాత్రికుడు పెట్టే ఖర్చులు. మద్యం, జూదం, రేవులలో విహారాలు అన్నీ అందులోకి వస్తాయి. టిక్కెట్టు చౌకగా ఇచ్చి, లోపల రాబట్టుకోవటం వారి వ్యాపార మర్మం. అందరూ సీసాలు తెచ్చుకుంటే ఆ మర్మం నడవదు.

దాన్ని దాచవలసిన పని లేదు. కాని ఆ లాభంతోపాటు వారి నెత్తిన ఒక బాధ్యత కూడా పడుతున్నది. నడిసముద్రంలో మనిషి తూలి కటకటాల మీదుగా పడితే వెతకటం ఎంత కష్టం! వేలమంది వున్న ఓడలో వున్నది చిన్న ఆసుపత్రి మాత్రమే. అందుచేత ప్రతి గ్లాసూ యాత్రికుడి గది కార్డు మీద నమోదవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని పుచ్చుకున్నారో లెక్క తెలుస్తుంది. పోసే మనిషికి ‘ఇక చాలునండీ’ అనే అధికారం వున్నది. సంచిలో దాచిన సీసాకు ఈ లెక్క లేదు. ఆపేవారు లేరు.

కొలత లేకుండా మద్యం పోస్తే ఓడ నడవదన్న సంగతి నావికులకు కొత్తది కాదు. బ్రిటిషు నౌకాదళంలో నావికులకు రోజువారీ రమ్ము వంతు వుండేది. అది ఉత్తగా పోస్తే మత్తులో పడిపోతున్నారని 1740లో అడ్మిరల్ వెర్నన్ దానిలో నీళ్లు కలిపి, రెండు పూటలుగా పంచమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన ముతక ‘గ్రాగ్రం’ గుడ్డ కోటు తొడిగేవాడట. నావికులు కసికొద్దీ ఆ పలచని రమ్ముకు ‘గ్రాగ్’ అని పేరు పెట్టారు. ఆ వంతు 1970 జూలై 31తో పూర్తిగా ఆగిపోయింది. అందుకు నౌకాదళంవారు చెప్పిన కారణం గమనించదగినది. ఈ కాలపు ఓడలో సున్నితమైన యంత్రాలు వుంటాయి. వాటిని నడిపే చేతికి మత్తు పనికిరాదు.

అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం నడిచింది. ఆ రోజులలో అక్కడివారు కొందరు, తాగటానికే ఓడ ఎక్కి, ప్రభుత్వపు సరిహద్దు నీళ్లు దాటి, తిరిగి అదే రేవుకు వచ్చేవారు. ఎక్కడికీ పోని ఆ ప్రయాణాలకు ‘ఎక్కడికీ కాని విహారం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. విదేశీ ఓడలైనా సరే, అమెరికా జలాలలోకి మద్యం తేరాదని అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. సీలు వేసి తాళంలో వుంచితే తేవచ్చునని 1924లో బ్రిటనుతో ఒడంబడిక కుదిరాక గాని ఆ చిక్కు విడలేదు. మనకు మాత్రం ఇలాంటివి తెలియవా? ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలై, 1997లో సడలిపోయేవరకు, యానాం నుంచీ పొరుగు రాష్ట్రాల నుంచీ సీసాలు ఎన్ని వేషాలు వేసుకుని వచ్చాయో పెద్దలకు జ్ఞాపకమే.

మొయ్యటం వేరు, తెరవటం వేరు

ఓడదాకా పోకుండానే మనవారికి తగిలే నియమాలు కొన్ని వున్నాయి. విమానంలో 24 నుంచి 70 పాళ్ల ఘాటు వున్న మద్యం తలకు 5 లీటర్లవరకు పెట్టె సామానులో పంపవచ్చు. 70 దాటినది అసలు ఎక్కనివ్వరు. విదేశం నుంచి తిరిగి వచ్చేవారు సుంకం లేకుండా 2 లీటర్లు తెచ్చుకోవచ్చు. అయినా, కొన్న సీసాను విమానంలో కూర్చుని తెరిస్తే తప్పే. పోయవలసినది విమానం సిబ్బంది మాత్రమే. రైలులో తాగి అల్లరి చేసినవారికి 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షను కింద ఆరు నెలలవరకు కారాగారం, 500 రూపాయలవరకు జరిమానా వున్నాయి. ఓడైనా, విమానమైనా, రైలైనా, నలుగురితో కలిసి చేసే ప్రయాణంలో సీసా ఒకరి సొంత వ్యవహారం కాదని చట్టాలన్నీ చెబుతున్నాయి.

మర్రిచెట్ల బాట

ఇక మన ఇంటిముందరి సముద్రానికి వద్దాం. 1908 మూసీ వరద తరువాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల ఎగువన మొయినాబాదు, చేవెళ్ల వున్నాయి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకప్పుడు జొన్నచేలు, కూరగాయల మళ్లు వున్న ఈ నేల మీద ఇప్పుడు ప్రహరీలు కట్టిన తోటబంగళాలు వెలిశాయి. ‘ఫారంహౌసు’ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. శనివారం సాయంత్రం నగరం నుంచి కార్లు వస్తాయి. పుట్టినరోజు, ఉద్యోగం వచ్చిన సంబరం, పెళ్లికి ముందు స్నేహితుల విందు. ఏదో ఒక పేరు. బంగళా అద్దెది. వంట బయటినుంచి. సీసా ఎవరిది వారిదే.

ఇలాంటి విందులో మద్యం పొయ్యాలంటే ఆబ్కారీ శాఖ అనుమతి ముందుగా పుచ్చుకోవాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వరాదు. ఇతర రాష్ట్రాలనుంచి సుంకం కట్టకుండా తెచ్చిన సీసాలు పట్టుబడితే కేసు అవుతుంది. అనుమతి లేని విందుల మీద దాడులు జరిగిన వార్తలు పత్రికలలో తరచు చూస్తూనే వున్నాం. కాని నాకు ఎక్కువ భయం గొలిపేది దాడి కాదు. అర్ధరాత్రి తిరుగు ప్రయాణం.

ఓడలో తాగినవాడు నాలుగు అడుగులు వేసి తన గదిలో పడుకుంటాడు. ఓడ నడిపేవాడు వేరు. తోటబంగళాలో తాగినవాడు తానే చుక్కాని పట్టుకుంటాడు. చేవెళ్ల నుంచి నగరానికి పోయే ఆ బాట రెండువైపులా వందలాది మర్రులు గొడుగు పట్టినట్టు వుంటాయి. పగలు చూస్తే చల్లగా, కన్నులపండువుగా వుంటుంది. ఆ చెట్లను కాపాడుతూ బాటను వెడల్పు చేయటం ఎట్లాగని చాలాకాలం వాదాలు నడిచాయి. రాత్రివేళ ఎదుటి లారీ వెలుగు కళ్లలో పడితే, తాగనివాడికే ఆ మానులు ఎక్కడున్నాయో తెలియదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే బండి నడపరాదని మన చట్టం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలలవరకు శిక్షగాని, 10,000 రూపాయల జరిమానాగాని, రెండూగాని పడవచ్చు. జరిమానా కట్టి ఇంటికి వచ్చే కుర్రవాడి తల్లి అదృష్టవంతురాలే అనుకోవాలి.

ఈ పల్లెలలో వెనుకటి కల్లు దుకాణానికి కూడా ఒక కొలత వుండేది. గీసిన కల్లు నిలవ వుంటే పులిసిపోతుంది. మూటగట్టి దూరం తీసుకుపోయేది కాదు. చెట్టు దగ్గరో, దుకాణంలోనో తాగి, కాలినడకన ఇల్లు చేరవలసిందే. ముంత వంచే గౌడుకు తాగేవాడి ఇల్లూ, వాడి పెళ్లామూ, పిల్లలూ తెలుసు. ‘ఇగ చాలు, ఇంటికి పో’ అని అనగలిగిన చనువు వుండేది. కల్లును పొగడటానికి ఈ మాట అనటంలేదు. దాని వల్ల చెడిన సంసారాలు లేకపోలేదు. పోసేవాడికి తాగేవాడి ముఖం తెలియటం ఒక అదుపు అని మాత్రమే నా తాత్పర్యం. లాభం కోసమే కానివ్వండి, ఓడలవారు ఆ అదుపును కార్డు మీద నిలబెట్టారు. తోటబంగళా విందులో అది పూర్తిగా జారిపోయింది.

అందుచేత విందు చేసే ఇంటివారికి ఒక మనవి. పెళ్లికి విస్తళ్లు లెక్కవేస్తాం. కూరలో ఉప్పు సరిపోయిందా అని పదిసార్లు రుచి చూస్తాం. అటువంటి మనం ‘ఎవరిది వారు తెచ్చుకుంటారులే’ అని గ్లాసు లెక్కను గాలికి వదలటం భావ్యమా? మొదట, అసలు పొయ్యాలా వద్దా అని ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి నిర్ణయించుకోండి. వద్దనుకుంటే ఏ చిక్కూ లేదు. పొయ్యక తప్పదనుకుంటే అనుమతి పుచ్చుకోండి. పోసే బాధ్యత మత్తు ముట్టని పెద్దమనిషి ఒకరికి అప్పగించండి. కార్ల తాళాలు గుమ్మం దగ్గరే పుచ్చుకోండి. తాగనివాడు బండి నడిపే ఏర్పాటైనా చేయండి. లేదా నాలుగు చాపలు పరిచి, తెల్లవారేదాకా వారిని అక్కడే పడుకోనివ్వండి. చాపకు అయ్యే ఖర్చు ఎంత?